తెరమీది గురువులు, ఉద్దానం బడులు

టెక్కలికి చేరువలో తేలినీలాపురం అనే చిన్న గ్రామం ఉన్నది. వానలు వెనుకబట్టే వేళకు ఏటా అక్కడి చెట్ల మీదికి రెండు జాతుల పెద్ద పక్షులు వచ్చి చేరుతాయి. ఒకటి గూడబాతు. ఇంగ్లీషు పేరు పెలికాన్. ముక్కు కింద సంచి వేలాడుతూ ఉండటం దీని గుర్తు. రెండవది ఎర్రకాళ్ల కొంగ. దీని వీపు చివరి ఈకలు గులాబిరంగులో ఉంటాయి. ఉద్దానానికి ఉత్తరపు కొసన ఇచ్ఛాపురం దగ్గరనున్న తేలుకుంచికి మరొక జాతి వస్తుంది. అది ఓపెన్‌బిల్ అనే కొంగ. ముక్కు మూసినా నడుమ సందు కనిపిస్తుంది. దాని ముఖ్యమైన ఆహారం నత్తలు.

ఈ పక్షులను గురించి ఫోనులో వెదికితే వీడియోలకు కొదువ లేదు. వాటిలో పెక్కింటిలో ఒకే మాట వినిపిస్తుంది: ఇవి సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరి వచ్చిన విదేశీ అతిథులట! ఈ మాట పత్రికలలోను వచ్చింది, ప్రసంగాలలోను వచ్చింది, చివరకు బడిపిల్లల వ్యాసాలలోకి కూడా వచ్చింది. వాస్తవమేమిటంటే, ఈ మూడు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షులే. వీటిలో ఏదీ సైబీరియాలో కాపురముండదు. నీటి వసతినీ మేతనూ బట్టి దేశంలోనే ఒకచోటినుంచి మరొకచోటికి తిరుగుతూ ఉంటాయి.

ఈ సంగతి తెలుసుకోవటానికి పెద్ద గ్రంథాలేవీ అక్కరలేదు. ఉత్తరదేశాల చలికి తాళలేక శీతకాలంలో మన చెరువులకు వచ్చే బాతులు కొన్ని ఉన్న మాట నిజమే. అవి ఇక్కడ మేసి, చలి తగ్గగానే తిరిగిపోయి, తమ చోటనే గూళ్లు కట్టి గుడ్లు పెడతాయి. తేలినీలాపురం పక్షులో? ఇక్కడనే గూళ్లు కడుతున్నాయి, ఇక్కడనే పిల్లలను పెంచుతున్నాయి. పుట్టిల్లు ఇక్కడ ఉన్నదానిని విదేశీ అతిథి అనవచ్చునా? పదవ తరగతి విద్యార్థి ఎవరైనా చెట్టుకింద నిలబడి ఈపాటి తర్కం చేయగలడు. ఆ వీడియోలు తీసినవారు చెట్టుకింద నిలబడే ఉన్నారు. గూళ్లను కెమెరాలో చూపిస్తూనే సైబీరియా మాట చెప్పారు!

ఈ ముచ్చట ఇంత విపులంగా చెప్పుకోవటానికి కారణం ఉన్నది. నేడు ఉపాధ్యాయుడు పాఠానికి సిద్ధమయ్యేటప్పుడు పుస్తకంతోపాటు ఫోను కూడా చేతికి తీసుకుంటున్నాడు. ఆశ్చర్యపడవలసిన పని లేదు. సోంపేట దగ్గరి పల్లెలో పనిచేసే భౌతికశాస్త్రోపాధ్యాయునికి మంచి గ్రంథాలయం అందుబాటులో లేదు, పక్కన కూర్చుని చర్చించే సహోద్యోగి లేడు. ప్రపంచంలోని మేటి ఉపాధ్యాయుల పాఠాలు జేబులోనే ఉన్నాయి. అందుచేత ‘సామాజిక మాధ్యమాలలో ఉపాధ్యాయులు తప్పక అనుసరించవలసిన మహోపాధ్యాయులు’ అనే జాబితాలు వాట్సాప్ బృందాలలో తిరుగుతున్నాయి. ఆ జాబితాలలో పేర్లుంటాయి, చందాదారుల సంఖ్యలుంటాయి. ఎవరిని ఎందుకు అనుసరించాలో మాత్రం ఉండదు. పూర్వం ఒక గురువును అనుసరించటమంటే కొన్నేళ్లు వెంట నడవటం. ఇప్పుడు వేలితో ఒక్కసారి నొక్కితే చాలును. పని తేలికైనకొద్దీ ఎంపికలో జాగ్రత్త కూడా పలచబడింది. అటువంటి జాబితాలలో తరచుగా కనిపించే కొందరిని ఉద్దానపు తరగతిగదిలోకి తీసుకువచ్చి, వారి పాఠాలు ఇక్కడ ఎంతవరకు నిలుస్తాయో చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

మొదట చెప్పవలసిన పేరు సల్మాన్ ఖాన్. సినిమా నటుడు కాదు, అమెరికాలోనే పుట్టిన గణితాభిమాని. 2004లో దూరాన ఉన్న బంధువుల బాలికకు లెక్కలు అర్థం కాకపోతే ఫోను ద్వారా చెప్పటం ప్రారంభించారు. 2006 నుంచి ఆ పాఠాలను యూట్యూబ్‌లో పెట్టారు. 2008లో ఖాన్ అకాడమీ సంస్థ ఏర్పడింది. ఆయన ముఖం కనిపించదు. నల్లని తెరమీద రంగురంగుల గీతలతో లెక్క సాగుతూ ఉంటుంది. తొందర లేదు, బెదిరింపు లేదు. పిల్లవాడు ఎన్నిసార్లైనా వెనుకకు జరిపి వినవచ్చును. బీజగణితంలో వెనుకబడిన విద్యార్థికి ఈ ఓర్పు ఎంతో మేలు చేస్తుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు ఉన్నత పాఠశాల గణితోపాధ్యాయుడు ఎడ్డీ వూ కథ కూడా ఇటువంటిదే. 2012లో జబ్బుపడి బడికి రాలేకపోయిన ఒక విద్యార్థి కోసం ఆయన తన తరగతి పాఠాలను చిత్రించి పంపనారంభించారు. అవే తరువాత లోకానికంతటికీ పాఠాలైనాయి. ఇద్దరూ తెలిసిన ఒక్క విద్యార్థిని ఎదుట పెట్టుకుని మొదలుపెట్టినవారే. ఎవరో తెలియని లక్షమందిని ఆకర్షించటానికి మొదలుపెట్టినవారి పాఠాలకూ వీరి పాఠాలకూ గల తేడా రెండు నిమిషాలు వింటే తెలిసిపోతుంది.

అయితే స్పష్టంగా చెప్పిన పాఠం స్పష్టంగా అర్థమవుతుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదికిన వ్యక్తి డెరెక్ ముల్లర్. ‘వెరిటాసియం’ అనే పేరుతో 2011 నుంచి ఆయన వీడియోలు ప్రసిద్ధం. జాబితాలన్నింటిలో ఆయన పేరుంటుంది. కాని ఉపాధ్యాయులకు ఆయన వీడియోలకంటె విలువైనది 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో పూర్తిచేసిన పరిశోధన. భౌతికశాస్త్రం బోధించే వీడియోలు ఎట్లా ఉంటే విద్యార్థి నేర్చుకుంటాడన్నది దాని విషయం. బలం, చలనం గురించి తప్పులేకుండా, సూటిగా చెప్పిన వీడియోను కొందరు విద్యార్థులకు చూపించారు. చాలా బాగుంది, తేటగా ఉంది అని వారన్నారు. పరీక్ష పెడితే మార్కులు దాదాపు మునుపటివలెనే ఉన్నాయి. తమ జవాబుల మీద నమ్మకం మాత్రం పెరిగింది! అంటే, తమకున్న తప్పు భావననే వీడియోలో కూడా చెప్పారని వారు అనుకున్నారన్నమాట. మరికొందరికి చూపిన వీడియోలో ఆ తప్పు భావనలనే ముందుగా ఒక పాత్రచేత పలికించి, తరువాత వాటిని చర్చించి, సరైన దానిని చెప్పారు. అది గందరగోళంగా ఉన్నదని విద్యార్థులు విసుక్కున్నారు. వారి మార్కులు మాత్రం దాదాపు రెట్టింపైనాయి.

ఈ ఫలితాన్ని పలాసకు తీసుకువచ్చి చూడండి. జీడిమామిడి తోటలలో పెరిగిన పిల్లవానిని, ‘ఇందులో పండు ఏది, గింజ ఏది?’ అని అడిగితే ఏమంటాడు? ఎర్రగానో పచ్చగానో కండపట్టి ఉన్నది పండు, దాని చివర వేలాడుతున్నది పిక్క అంటాడు. వృక్షశాస్త్రం ప్రకారం ఆ పిక్కే అసలు ఫలం. దాని లోపలి జీడిపప్పు గింజ. కండపట్టినది ఉబ్బిన పూకాడ మాత్రమే. ఈ సంగతిని ఉపాధ్యాయుడు రెండు వాక్యాలలో స్పష్టంగా చెప్పి ముందుకు పోతే పిల్లలు తలలు ఊపుతారు, పరీక్షలో వ్రాస్తారు, తోటలోకి వెళ్లగానే మరల కాడను పండే అంటారు. అట్లాకాక ముందుగా వారిచేతనే చెప్పించి, ‘అయితే ముందు పెరిగేది ఏది?’ అని అడిగితే పని జరుగుతుంది. తోటలో పనిచేసిన పిల్లలకు తెలుసు: పిక్క ముందుగా పెరుగుతుంది, కాడ ఆ తరువాత ఉబ్బుతుంది. పండు పుట్టకముందే గింజ బయట వేలాడటమేమిటి అన్న అనుమానం వారికే కలుగుతుంది. ఖాన్ పద్ధతిలో ఈ మెట్టు సాధారణంగా ఉండదు. ఆయన విద్యార్థి తలలో ముందునుంచీ ఉన్నదానిని పలకరించకుండా ఖాళీ పలకమీద వ్రాసినట్లు వ్రాస్తారు. లెక్కలకు అది చాలవచ్చును. ప్రకృతిశాస్త్రాలకు చాలదు.

ముల్లర్ తన పరిశోధనకు తానే కట్టుబడి ఉన్నారా? కొన్నిసార్లు ఉన్నారు. 2021 చివరలో ఆయన విద్యుత్తును గురించి ఒక చిక్కు ప్రశ్న వేశారు. బ్యాటరీకి ఒక మీటరు దూరంలో దీపం ఉన్నది. వాటిని కలిపే తీగలు మాత్రం రెండు వైపులా చంద్రమండలానికి సుమారు సగం దూరం పోయి తిరిగి వస్తాయి. స్విచ్చి నొక్కితే దీపం ఎప్పుడు వెలుగుతుంది? తీగ వెంట విద్యుత్తు ప్రయాణించి వచ్చేసరికి క్షణాలు పట్టవచ్చునని విద్యార్థులనుకుంటారు. శక్తి తీగలోపల కాక చుట్టూ ఉన్న క్షేత్రం ద్వారా వస్తుంది కనుక దాదాపు వెంటనే వెలుగుతుందని ఆయన సమాధానం. దీనిమీద ఇంజనీర్లు, భౌతికశాస్త్రజ్ఞులు ఎంతోమంది ఆక్షేపణలు చెప్పారు. వెంటనే వచ్చేది అతి స్వల్పమైన విద్యుత్తు, దానిని దీపం వెలగటమని చెప్పవచ్చునా అని వారి వాదన. ఒకాయన కిలోమీటరు పొడవు తీగ కొని పొలంలో పరచి కొలిచి చూశాడు. ముల్లర్ 2022లో మరొక వీడియో చేసి, ఆక్షేపణలను పేర్కొని, కొన్ని మీటర్ల తీగలతో నమూనా కట్టించి కొలతలు చూపించారు. ఈ తగవు మొత్తం ఇంటర్మీడియేట్ విద్యార్థులకు ఒక నెల పాఠం కాగలదు. మొదటి వీడియో మాత్రమే చూసిన ఉపాధ్యాయుడు ఒక వింత సమాధానం నేర్చుకుంటాడు. తరువాతి తగవు కూడా చూసినవాడు శాస్త్రం ఎట్లా నడుస్తుందో నేర్చుకుంటాడు.

మరికొన్నిసార్లు ఆయన కట్టుబడి లేరనే చెప్పవలసి ఉన్నది. అదే 2021లో డ్రైవరు లేని కార్లను పొగుడుతూ చేసిన వీడియోకు ఆ కార్లు నడిపే కంపెనీయే డబ్బు పెట్టింది. ఆ మాట ఆయన దాచలేదు. అయినా పాఠానికీ ప్రకటనకూ నడుమ గోడ పలచబడిందన్న విమర్శ వచ్చింది, అది సబబైనదే. ఎంత గొప్పవాని పాఠమైనా ‘దీనికి ఖర్చు ఎవరు పెట్టారు?’ అని అడిగే అలవాటు విద్యార్థులకు చేయించవలెను.

ఇక అరవింద్ గుప్తా. ఉద్దానం బడులకు వీరందరిలోనూ అత్యంత సన్నిహితుడు ఈయనే. కాన్పూరు ఐఐటీలో చదివి, పూనాలో లారీలు తయారుచేసే కర్మాగారంలో ఇంజనీరుగా చేరారు. 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాకు వెళ్లారు. అక్కడ 1972లో 16 బడులతో మొదలైన ఒక విజ్ఞానబోధన ప్రయోగం నడుస్తున్నది. పాఠ్యపుస్తకం వల్లెవేయించటం మాని, గ్రామంలో దొరికే వస్తువులతో పిల్లలచేతనే ప్రయోగాలు చేయించటం దాని పద్ధతి. 2002లో ప్రభుత్వం ఆ ప్రయోగాన్ని నిలిపివేసింది. గుప్తా మాత్రం అక్కడ మొదలుపెట్టిన పనిని ఆపలేదు. వారపు సంతలో దొరికిన సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలనూ అగ్గిపుల్లలనూ కలిపి జ్యామితి ఆకారాలు కట్టించటం ఆయన అక్కడ కనిపెట్టినదే. తరువాత చెత్తనుంచి వందలకొద్దీ విజ్ఞానపు బొమ్మలు చేశారు. వాటి వీడియోలను అనేక భాషలలో ఉచితంగా ఇచ్చారు. 2018లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది.

అగ్గిపుల్లల ప్రయోగాన్నే తీసుకుందాం. మూడు పుల్లలతో త్రిభుజం కట్టి నొక్కితే కదలదు. నాలుగింటితో చతురస్రం కట్టి నొక్కితే వాలిపోతుంది. చతురస్రానికి ఒక కర్ణం పెడితే మరల గట్టిపడుతుంది. ఖర్చు అర్ధరూపాయి కూడా ఉండదు. తుపాను దెబ్బ తిన్న ఊరిలో ఈ ప్రయోగానికి ఎంత అర్థమున్నదో వేరే చెప్పాలా? ఏ ఇంటి కప్పు ఎగిరిపోయింది, ఏది నిలిచింది, కప్పు కింది చట్రంలో త్రికోణాలున్నాయా అని పిల్లలు వీధి వెంట నడిచి చూడవచ్చును. కొబ్బరి ఈనెలు, చిప్పలు, పీచు, ఖాళీ అయిన సెలైను గొట్టాలు ఇక్కడి బడికి సరిపడే ప్రయోగశాల.

ఆయనపై ఒక ఆక్షేపణ మాత్రం చెప్పక తప్పదు. ఆ వీడియోలు ఒకటి రెండు నిమిషాలలో ముగుస్తాయి. బొమ్మ తయారై తిరుగుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. అది ఎందుకు తిరిగిందన్న ప్రశ్నకు అక్కడ చోటు తక్కువ. పుస్తకాలలో ఆ కొరత కొంత తీరుతుంది. వీడియో చూపించేసి ప్రయోగం చేయించామనుకునే తరగతిగదులలో తీరదు. తెరమీద అగ్గిపుల్లల త్రిభుజాన్ని చూసిన పిల్లవానికి అది కదలదని తెలుస్తుంది. వేళ్లతో నొక్కినవానికి ఎంత బలానికి కదలదో తెలుస్తుంది. గుప్తాను అనుసరించదలచినవారు ఫోను జేబులో పెట్టి సైకిల్ షాపుకు వెళ్లవలెను.

భాష విషయం ప్రత్యేకంగా ఆలోచించవలసినది. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా పరితెవాడి గ్రామంలో పనిచేసిన రంజిత్‌సింహ్ డిసలే 2020లో ప్రపంచోపాధ్యాయ బహుమతి పొందారు. బహుమానంలో సగం తుది పోటీలో నిలిచిన తక్కిన ఉపాధ్యాయులకు పంచి ఇచ్చినందుకు పత్రికలు ఆయనను కీర్తించాయి. పాఠ్యపుస్తకాలలో క్యూఆర్ కోడ్ అచ్చువేయించినందుకు విద్యాధికారులు మెచ్చుకున్నారు. రెండింటికంటె ముఖ్యమైన మొదటి పని మరుగున పడింది: తన బడిలోని బాలికల ఇంటిభాష వేరని గుర్తించి, పాఠాలను ఆ భాషలోకి తెచ్చారు. కోడ్ ఆ తరువాత వచ్చిన సాధనం మాత్రమే.

ఇది శ్రీకాకుళం జిల్లాకు కొత్త సంగతి కాదు. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ కొండలలోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు వ్రాశారు, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించారు. తెలుగులో వాడుకభాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసినదే. పిల్లవానికి తెలిసిన మాటతో పాఠం మొదలుపెట్టటమే రెండు పనులకూ మూలం. ఈనాడు తెలుగులో చదువు వీడియోలకు లెక్కలేదు. కాని వాటిలో అధికభాగం పోటీపరీక్షల కోసం తయారైనవి. సూత్రం చెప్పి, షార్ట్‌కట్ చెప్పి, జవాబు గుర్తించటం నేర్పుతాయి. క్రియాపదం ఒక్కటి తెలుగు, తక్కినదంతా ఇంగ్లీషు. వీరినీ ‘గురువులు’ అనే పిలుస్తున్నారు. వీరు పరీక్షకు పనికిరారని ఎవరూ అనరు. అయితే ఉపాధ్యాయుడు వీరి వేగాన్ని అనుకరించి ఏడవ తరగతిలో ప్రవేశపెడితే మాత్రం నష్టం పిల్లలకే.

తెలుగులో మంచి పని చేసినవారు లేకపోలేదు. మద్రాసు ఐఐటీ ఆచార్యులు వి. శ్రీనివాస చక్రవర్తి ఏళ్ల తరబడి తెలుగులో విజ్ఞానవ్యాసాలు, అనువాదాలు చేసి ఉచితంగా అందించారు. జనవిజ్ఞానవేదిక ‘చెకుముకి’ పత్రికను పిల్లల కోసం నడిపింది. వీరికి చందాదారులు లక్షలలో ఉండరు. జాబితాలలో పేర్లుండవు. జాబితాలు తయారుచేసేవారికి తెలుగు రాకపోవటమే ఇందుకు కారణమనుకోవాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ సులభమైన పరీక్షలు. ఉద్దానంలో వీరందరికీ మరింత కఠినమైన పరీక్ష ఒకటి ఉన్నది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల బడులలో ఏ తరగతిలోనైనా, ఇంటిలో మూత్రపిండాల జబ్బుతో బాధపడేవారున్న పిల్లలు ఉంటారు. 2019, 2020 సంవత్సరాలలో ప్రచురితమైన సర్వేలను బట్టి ఈ ప్రాంతపు పెద్దలలో సుమారు అయిదింట ఒకవంతు మందికి మూత్రపిండాలు దెబ్బతిని ఉన్నాయి. వారిలో ఎక్కువమందిలో మధుమేహం, రక్తపుపోటు వంటి సాధారణ కారణాలు కనిపించలేదు. తండ్రిని డయాలసిస్‌కు పంపి బడికి వచ్చిన పిల్ల లేచి, ‘మేష్టారూ, మా ఊళ్లకే ఎందుకొచ్చిందండీ ఈ జబ్బు?’ అని అడిగితే ఏ తెరమీది గురువును అనుసరించి జవాబు చెప్పాలి?

ఫోనులో జవాబులకు కొరత లేదు. ఒకరు నీటిలోని సిలికా అంటారు, ఒకరు పురుగుమందులంటారు, ఒకరు జీడి అంటారు. మరొకరు కారణం చెప్పి ఊరుకోక, మూత్రపిండాలను ‘శుభ్రం’ చేసే కషాయం కూడా చెబుతారు. ప్రతివారి గొంతులోనూ సందేహమన్నది లేదు. శాస్త్రజ్ఞులు చెప్పేది ఇంతకంటె నిదానంగా ఉంటుంది. శ్రీలంక ఉత్తరమధ్య ప్రాంతంలోను, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడోర్, నికరాగువా దేశాల చెరకుతోటలలోను ఇటువంటి జబ్బే కనిపించింది. మూడుచోట్లా ఎండలో కాయకష్టం చేసేవారే ఎక్కువగా బాధితులు. కాబట్టి వేడికి ఒంటిలోని నీరు తగ్గటం ఒక అనుమానం. పురుగుమందులు, నీటిలోని ఖనిజాలు, లోహాలు, నొప్పిమాత్రల వాడకం, వంశపారంపర్యం తక్కిన అనుమానాలు. వీటిలో ఏ ఒక్కటీ ఇంకా రుజువు కాలేదు. ఒకటికంటె ఎక్కువ కారణాలు కలిసి పనిచేయవచ్చునన్న అభిప్రాయం కూడా ఉన్నది.

‘ఇంకా తెలియదమ్మా’ అని చెప్పటం ఉపాధ్యాయునికి చిన్నతనం కాదు. అయితే ఆ మాటతో ఆపితే ఆ పిల్లకు అన్యాయం జరుగుతుంది. తెలిసినదేమిటి, అనుమానమేమిటి, దానిని ఎట్లా తేల్చవచ్చును అని మూడు వరుసలుగా నల్లబల్లమీద వ్రాసి చూపవచ్చును. జబ్బు ఉన్న ఊళ్లలోని బావినీటిలో సిలికా కనిపించినంత మాత్రాన అది కారణమైపోదు. జబ్బు లేని ఊళ్ల నీటిలో ఎంత ఉన్నదో చూడాలి గదా! 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీరు తెచ్చే పథకం కూడా అప్పుడే ప్రారంభమైంది. నీరు మారినా జబ్బు పోలేదు కనుక నీరు కారణం కాదు అని కొందరు తేల్చివేయవచ్చును. ఇదీ తొందరపాటే. ఒకసారి పాడైన మూత్రపిండం నీరు మార్చగానే బాగుపడదు. కొత్త నీరు తాగి పెరిగే పిల్లలు నడివయస్సుకు వచ్చినప్పుడు గాని ఆ లెక్క తేలదు. ఈ తర్కమంతా తొమ్మిదో తరగతికి అందనిది కాదు. ప్రసిద్ధులైన వీడియోకర్తలలో ఈ జబ్బు గురించి పాఠం చెప్పినా చెప్పకపోయినా, ఇటువంటి ప్రశ్నను ఎట్లా ఎదుర్కోవాలో చూపినవారు అనుసరింపదగినవారు. ముల్లర్ విద్యుత్తు తగవు ఆ విధంగా ఉద్దానానికి కూడా పనికివస్తుంది. కషాయం చెప్పినవారికి పదిలక్షలమంది చందాదారులున్నా ఆ బడి గడప ఎక్కనివ్వకూడదు. వాట్సాప్‌లో వచ్చిన అటువంటి వీడియోను ఉపాధ్యాయుడే ముందుకు పంపితే, ‘మేష్టారే పంపారు’ అన్న ముద్ర పడుతుంది. ఊరిలో ఆ ముద్రకు ఇంకా విలువ ఉన్నది. దానిని నమ్మి మందు మానేసినవారి ప్రాణానికి ముప్పు.

ముల్లర్ 2014లోనే మరొక వీడియోలో ఒక పాత సంగతి గుర్తుచేశారు. చలనచిత్రాలు వచ్చి పాఠ్యపుస్తకాలను తోసివేస్తాయని 1922లో ఎడిసన్ జోస్యం చెప్పాడు. తరువాత రేడియో వచ్చింది, టెలివిజన్ వచ్చింది, కంప్యూటరు వచ్చింది. ప్రతిసారీ అదే జోస్యం వినిపించింది. ఏదీ ఉపాధ్యాయుని తొలగించలేదు. కోట్ల చందాదారులున్న మనిషి ఈ మాట చెప్పటం మెచ్చుకోదగిన విషయం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దాపున తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు పోయింది, ఫోన్లు మూగపోయాయి. ఆ రోజులలో పిల్లల ఎదుట ఉన్నది కూలిన కొబ్బరితోటలు, పక్కన ఉన్న ఉపాధ్యాయుడు.

ఆ తుపాను పాఠం ఇప్పుడు కూడా చెప్పవచ్చును, ఏ వీడియో అక్కరలేకుండా. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముళ్లకు వ్యతిరేకంగా తిరుగుతుంది. అది ఆగ్నేయం నుంచి వాయవ్యానికి కదిలివస్తే, దారిలో ఉన్న ఊరికి తొలిగాలి ఈశాన్యం వైపు నుంచి, చివరిగాలి నైరుతి వైపు నుంచి వీస్తుంది. నడుమ ఏమి జరుగుతుందన్నది ఊరు ఎటుపక్క ఉన్నదన్న దానిమీద ఆధారపడుతుంది. కన్ను దాటిన చోటుకు దక్షిణాన, టెక్కలి వైపు ఊళ్లలో గాలి ఉత్తరం మీదుగా పడమటికి తిరగవలెను. ఉత్తరాన, సోంపేట వైపు ఊళ్లలో తూర్పు మీదుగా దక్షిణానికి తిరగవలెను. ఏ దిక్కు గాలికి ఏ చెట్టు పడిందో, మొదట ఏ తలుపు విరిగిందో ఇంటిలోని తాతలూ నాయనమ్మలూ మరచిపోయి ఉండరు. రెండు వైపుల బడులవారు పిల్లలచేత వారిని అడిగించి, ఊరి పేరు, గాలి తిరిగిన వరుస ఒక పటంమీద గుర్తించి, ఫోటో తీసి ఒకరికొకరు పంపుకోవచ్చును. గుర్తులు ఎక్కడ మారుతున్నాయో అక్కడ గీత గీస్తే తుపాను కన్ను నడిచిన దారి సుమారుగా తెలుస్తుంది. వాతావరణశాఖ గీసిన దారిని ఆ తరువాతనే పిల్లలకు చూపవలెను.